షార్ట్ లెగ్‌లో నిలబడ్డ మనిషి

పొద్దున పేపర్లో మా సర్ పోయిన వార్త వేశారు. లోపలి పేజీలో, ఆటల వార్తల అడుగున. ఎప్పటిదో తెల్ల చొక్కా ఫొటో ఒకటి పెట్టి, దేశం తరఫున ఎక్కడెక్కడ ఆడారో, ఎవరి బౌలింగులో ఎన్ని క్యాచ్‌లు పట్టారో అంతా రాసి, చివర్న "అనంతరం ఒక ప్రైవేటు సంస్థలో ఉన్నతోద్యోగిగా పనిచేశారు" అని ఒక్క ముక్కతో సరిపెట్టేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఉద్యోగ జీవితమంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది మరి. ఆయన ఆడిన టెస్టులు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేయొచ్చు. మా కంపెనీ కోసం ఆయన తిన్న తిట్లు లెక్కపెట్టాలంటే ఊళ్ళో వాళ్ళందరి వేళ్ళూ కలిపినా చాలవు.

"కాఫీ చల్లారిపోతోంది" అన్నారు మావారు.

"చల్లారనీండి" అన్నాను.

మాది పొలాలకు నీళ్ళు తోడే మోటార్లు తయారుచేసే కంపెనీ. ఫ్యాక్టరీ మోతీనగర్ దగ్గర, హెడ్డాఫీసు జూబ్లీహిల్స్‌లో. నేను సర్‌కి సెక్రటరీని. ఆ రోజుల్లో కంపెనీలకు సొంత క్రికెట్ టీములుండేవి. ఆటగాళ్ళను పిలిచి ఉద్యోగాలిచ్చేవాళ్ళు. వాళ్ళు పొద్దున వచ్చి సంతకం పెట్టి గ్రౌండుకు పోవడం, ఒకటో తారీఖున వచ్చి జీతం తీసుకోవడం, అదే వాళ్ళ ఉద్యోగం. సర్‌నీ అలాగే తీసుకున్నారట. ఈయన మాత్రం ప్రాక్టీసయ్యాక మట్టి అంటిన తెల్లబట్టలతోనే ఫ్యాక్టరీకొచ్చి, మోటారు విప్పి చూపించమని ఫిట్టర్ల ప్రాణాలు తోడేవారట. ఆట మానేసిన నాటికి ఆయనకు మోటారు లోపల ఏ రాగితీగ చుట్ట ఎందుకు కాలిపోతుందో ఇంజినీర్ల కన్నా ముందే తెలిసేది. అలా అమ్మకాల వైపు వెళ్ళి, మెల్లగా పైకెక్కి, చివరకు మేనేజింగ్ డైరెక్టరయ్యారు.

నన్ను ఇంటర్వ్యూ చేసిన రోజు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. మాది తెనాలి దగ్గర. పెళ్ళయి యూసుఫ్‌గూడలో కాపురం పెట్టాం. జూబ్లీహిల్స్‌కి అప్పట్లో బస్సులే తక్కువ. బండరాళ్ళ మధ్య రోడ్డెక్కి చెమటలు కక్కుతూ వెళ్ళి కూర్చున్నాను. ఎదురుగా ఈయన. నా సర్టిఫికెట్లు చూడలేదు, మొహం చూడలేదు. బల్ల పక్కకు ఒంగి నా కాళ్ళు చూస్తున్నారు. నా చెప్పుకి పిన్నీసు పెట్టి ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఎలాంటి మనిషి బాబూ ఈయన అని భయం కూడా వేసింది.

"ఏందమ్మా, నీ కాళ్ళు రెండు తలుపు దిక్కు తిరిగున్నయి. నౌకరీ ఇష్టం లేదా నీకు?" అన్నారు.

"అదేం లేదండీ. బస్సు టైమైపోతోంది. అది పోతే మళ్ళీ సాయంత్రం దాకా లేదండీ."

ఆయన పెద్దగా నవ్వి, "అయితే ఉరుకు. రేపు వచ్చి పనిల చేరు" అన్నారు. నేను నిజంగానే ఉరికాను.

కాళ్ళు చూడటం ఆయనకు ఆట నుంచి వచ్చిన అలవాటని తర్వాత తెలిసింది. ఆయన నిలబడే చోటుని షార్ట్ లెగ్ అంటారు. బ్యాటు పట్టుకున్నవాడి మోకాలి ముందు, ఇంకాస్త వంగితే వాడి ప్యాడు తగిలేంత దగ్గరగా నిలబడాలి. స్పిన్ బంతి బ్యాటుకు తగిలి, ప్యాడుకు తగిలి, నేల మీద పడేలోగా పట్టేయాలి. హెల్మెట్లు లేని కాలం. వాడు గట్టిగా ఊపాడంటే బంతి వచ్చి మొహానికే. ఆయన కుడికన్ను పక్కన ఎముక కొంచెం లోపలికి నొక్కుకుపోయి ఉండేది. ఏ దేశం వాడు కొట్టిందో అడిగితే వాడి పేరు చెప్పి, "మంచిగ కొట్టిండు" అని మెచ్చుకునేవారు.

"బాల్ చూస్తే పట్టలేమమ్మా. అది వచ్చినంక ఇంక టైమేది? కాలు చూడాలె. మనిషి ఏం చేస్తడో కాలికి ముందే ఎరుక" అనేవారు. అందుకని ఆఫీసులో కూడా అందరి కాళ్ళే చూసేవారు. అబద్ధం చెప్పే సేల్స్‌మన్ మడమలు లేస్తాయట. అప్పు అడగడానికొచ్చినవాడు ఒక పాదంతో ఇంకో పాదాన్ని తొక్కుకుంటాడట. మా అకౌంటెంటు ఒకాయన ఈ గోల పడలేక మీటింగుల్లో కాళ్ళు కుర్చీ కిందికి ముడిచి కూర్చోవడం మొదలుపెట్టాడు. "ఈయన కాళ్ళు దాస్తున్నడంటే ఏదో ఉన్నది" అన్నారు సర్. నిజంగానే ఉంది. ఆయన వేరే కంపెనీలో ఉద్యోగం చూసుకున్నాడు.

రెండో అలవాటు, దగ్గరికి జరగడం. ఎవరైనా కోపంగా వస్తే మనం రెండడుగులు వెనక్కి వేస్తాం. ఈయన కుర్చీ లాక్కుని వెళ్ళి వాళ్ళ మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి కూర్చునేవారు. ఒకసారి కరీంనగర్ వైపు నుంచి ఒక డీలరు వచ్చాడు. అమ్మిన మోటార్లు కాలిపోయాయి, రైతులు ఇంటిమీద పడుతున్నారు, మనిషి శివాలెత్తి ఉన్నాడు. ఆఫీసంతా వినబడేలా అరుస్తున్నాడు. సర్ బల్ల ఇవతలికొచ్చి, కుర్చీ వేసుకుని, ఆయన మొహంలో మొహం పెట్టినంత దగ్గరగా కూర్చున్నారు. పాపం అంత దగ్గర్నుంచి అరవడం ఎవరికి మాత్రం చేతనవుతుంది? ఆయన గొంతు దానంతటదే దిగిపోయింది.

"చూసినవా" అన్నారు సర్ ఆయన వెళ్ళాక. "దూరం ఉంటే మనిషి అరుస్తడు. దగ్గరికి పోతే మాట్లాడ్తడు. ఒక్క అడుగు వెనకకు నిలబడ్డవనుకో, క్యాచ్ మన ముందే పడిపోతది." మర్నాడు తెల్లారేసరికి ఆ డీలరు ఊళ్ళో, బావి గట్టు మీద ఉన్నారాయన. ఆయన అక్కడే ఉండిపోవడంతో ఆ వారమంతా నేను ఫోన్లు ఎత్తలేక చచ్చాను.

ఫ్యాక్టరీ కుర్రాళ్ళు ఆయన నిలబడే తీరుని అనుకరించేవాళ్ళు. మోకాళ్ళు కొంచెం ఒంచి, రెండు చేతులూ దోసిలి పట్టినట్టు ముందు పెట్టుకుని మాట్లాడేవారు మరి. గుళ్ళో ప్రసాదానికి నిలబడ్డట్టుండేది. టై కట్టుకుని కూడా అంతే. బోర్డు మీటింగులో కూడా అంతే. ఆ చేతుల్లోంచి ఏదీ కింద పడేది కాదు. నా బల్ల మీంచి పేపర్‌వెయిట్ జారితే, పెన్ను జారితే, డిక్టేషన్ ఆపకుండానే పట్టుకుని పైన పెట్టేవారు. తను పట్టానని కూడా గమనించేవారు కాదు.

సినిమా వాళ్ళతో మాకు సంబంధం కుదిరింది కూడా ఆ కాళ్ళ వల్లే. మా మోటార్ల ప్రకటనకి ఒక హీరోని పెట్టుకున్నారు. పేరెందుకులెండి, అప్పట్లో ఆయన సినిమా రిలీజైతే రోడ్లు బందయ్యేవి. ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోర్‌లో పొలం సెట్టు వేశారు. హీరో పంచె ఎగ్గట్టి కాలవలో నిలబడితే మోటారు ఆన్ చేయాలి, నీళ్ళు దూకాలి, హీరో నవ్వాలి. అన్నీ అవుతున్నాయి, నవ్వు మాత్రం కుదరడం లేదు. టేకుల మీద టేకులు. డైరెక్టరు మెల్లగా విసుక్కుంటున్నాడు. సర్ కెమెరా పక్కన మామూలుగా వంగి నిలబడి, హీరో కాళ్ళకేసి చూసి, నా చెవిలో "వేళ్ళు ముడుస్తున్నడు. కరెంటు షాక్ కొడ్తదని భయపడ్తున్నడు. ఎవ్వలకు చెప్పలేకపోతున్నడు" అన్నారు.

బూట్లు విప్పారు. ప్యాంటు మడిచారు. వెళ్ళి నీళ్ళలో హీరో పక్కన, పాదం పాదం తగిలేలా నిలబడ్డారు. "మా మోటారు జర మొండిది బాబూ. నేను పక్కన ఉంటెనే నడుస్తది. నన్ను కెమెరాల పడకుండ తీస్తరు లే, నువ్వు నవ్వు" అన్నారు. హీరో నవ్వాడు. నిజంగా, హాయిగా నవ్వాడు. ఆ ప్రకటన మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో హీరో కుడిపక్కకు జరిగి ఉంటాడు, ఎడమ పక్కన ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో మా సర్ ఉన్నారు.

ఆనాటి నుంచి ఆ హీరో ఈయన మనిషైపోయాడు. ఏటా చలికాలంలో సినిమా వాళ్ళకీ మా కంపెనీకీ ఒక మ్యాచ్ పెట్టడం కూడా ఆయన చలవే. షేక్‌పేట వైపు అప్పటికింకా ఇళ్ళు రాని మైదానమొకటుండేది, అక్కడ. షామియానా, బిర్యానీ, మైకులో పాటలు, గోల. హీరోని చూడ్డానికి జనం గోడలెక్కేవాళ్ళు. సర్ ఎంత పెద్దవారైనా, ఎంత నడుం నొప్పున్నా, ప్రతి ఏడూ షార్ట్ లెగ్‌లోనే నిలబడేవారు. హెల్మెట్ ఇవ్వబోతే, "అది పెట్టుకుంటే ఎదుటోని కాళ్ళు కానరావు" అని తోసేసేవారు.

ఆయన పదవీ విరమణ దగ్గరకొచ్చిన ఏడాది నా బల్ల మీంచి టీ కప్పు జారింది. ఆయన అక్కడే, కుడిచేతి పక్కనే నిలబడి ఉన్నారు. కప్పు కింద పడి పగిలింది. ఆయన శబ్దానికి ఉలిక్కిపడి చూశారు. ఆయన వెళ్ళి కూర్చున్నారు, నేను ముక్కలు ఏరాను.

మ్యాచ్ ఇంకో రెండ్రోజులుందనగా వాళ్ళావిడ ఫోన్ చేశారు. ఆవిడ ఎప్పుడూ ఆఫీసుకి ఫోన్ చేసే మనిషి కాదు.

"బిడ్డా, ఆయన కుడికన్ను మొత్తం పోయింది" అని ఏడ్చేశారు. "ఎన్నటిదో దెబ్బ, ఇప్పుడు తీసింది. ఉన్న ఒక్క కన్ను జాగ్రత్త, దెబ్బ గిట్ల తాకితే అదిగూడ దక్కదని డాక్టర్ చెప్పిండు. ఆడొద్దంటే నా మీదికి లేస్తున్నడు. నువ్వన్న ఆపమ్మా."

"నేను చెబితే వింటారా అమ్మగారూ?"

"వినడు. నాకెరుకే. ఎట్లన్న చెయ్యి."

ఎట్లన్న చెయ్యమన్నారు కాబట్టి నాకు తోచింది నేను చేశాను. ఇంటికెళ్ళే దారిలో ఫిల్మ్‌నగర్‌లో దిగి హీరోని కలిశాను. మేకప్ వేసుకుంటున్నవాడల్లా అద్దంలోంచి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. విషయం చెప్పాను. "సర్ నిలబడ్డ వైపు ఒక్క బంతి కూడా వెళ్ళదు మేడమ్. మావాళ్ళందరికీ నేను చెప్తాను" అన్నాడు. మా స్పిన్ బౌలరు డిస్పాచ్ సెక్షన్‌లో ఉండేవాడు. వాడికీ చెప్పాను, బంతులన్నీ అవతలి పక్కకే వెయ్యమని. వాడు కళ్ళు తుడుచుకుని సరేనన్నాడు. మనిషిని కాపాడుకోవడానికి అందరం కలిసి ఆడిన నాటకం అది. ఇప్పటికీ నాకది తప్పనిపించదు.

మ్యాచ్ రోజు నేను షామియానాలో ముందు వరసలో కూర్చున్నాను, ప్రభువును తలుచుకుంటూ. సర్ వెళ్ళి షార్ట్ లెగ్‌లో వంగి, చేతులు దోసిలి పెట్టారు. దూరంగా బౌండరీ దగ్గర ఛైర్మన్ గారి అబ్బాయి నిలబడి ఉన్నాడు, మాటిమాటికీ వాచీ చూసుకుంటూ. బొంబాయిలో చదువుకొచ్చి, మా ఆఫీసు పై అంతస్తు గదిలో కూర్చుని, కంప్యూటర్లోనే కంపెనీని నడపాలనుకునే కుర్రాడు. సర్ తర్వాత ఆ కుర్చీ అతనిదే. కానీ సర్ "ఇంకో ఏడాది" అంటూ జరుపుకొస్తున్నారు. ఆయనకి అతని మీద ఇంకా నమ్మకం కుదరలేదు. ఛైర్మన్ గారికి అడగడానికి మొహమాటం.

హీరో బ్యాటింగుకొచ్చాడు. బంతులు పడుతున్నాయి, హీరో అవతలి పక్కకే ఆడుతున్నాడు. జనం ఈలలు. నేను ఊపిరి పీల్చుకోబోతున్నాను. అంతలో సర్ చెయ్యెత్తి ఆట ఆపారు. అక్కడ ఏమనుకున్నారో తర్వాత బౌలరు చెప్పాడు.

"ఏం బాబూ, ప్రతి బాల్‌కు నీ కాలు అటే పోతుంది? బాల్ పడకముందే పోతుంది" అన్నారట.

"అలాంటిదేం లేదు సర్."

"నీ తర్వాత రావాల్సినోళ్ళ కాళ్ళు గూడ అట్లనే ఉంటయా?"

హీరో తల దించుకున్నాడట. సినిమాల్లో ఎన్ని అబద్ధాలైనా ఆడే మనిషికి ఆయన ముందు ఒక్కటీ రాలేదు. ఉన్నట్టుండి నా వైపు చూశాడు. సర్ కూడా షామియానా వైపు తిరిగారు. నేను నా బ్యాగులో ఏదో వెతుక్కున్నాను.

"మీరంత కలిసి నన్ను ఆడకముందే బైటికి పంపిన్రు" అన్నారట సర్. "ఒక్క బాల్. ఒక్కటి నిజంగ ఎయ్యి, ఒక్కటి నిజంగ ఆడు. అంతకన్న అడగ."

బౌలరు నిజంగానే వేశాడు. బంతి తిరిగి లోపలికొచ్చింది. హీరో ముందుకు వంగి ఆపబోయాడు. బ్యాటు అంచుకు, అక్కణ్ణించి ప్యాడుకు తగిలి, బంతి మెల్లగా గాల్లోకి లేచింది. చిన్నపిల్లకి విసిరినంత మెల్లగా. సర్ చేతులు దోసిలి పెట్టుకుని అలాగే ఉన్నారు. బంతి ఆయన కుడిపాదం పక్కన గడ్డిలో పడింది. ఆయన కదలలేదు.

ఎవరో తెలివైనవాడు "కష్టమైన క్యాచ్ సర్!" అని చప్పట్లు కొట్టాడు. ఇంకో నలుగురు కలిశారు. ఆ చప్పట్లు వింటుంటే నాకు ఏడుపొచ్చింది.

సర్ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిటారుగా నిలబడ్డారు. బౌండరీ వైపు చెయ్యి ఊపి, "బేటా, ఇటు రా" అని పిలిచారు. ఛైర్మన్ గారి అబ్బాయి తననే అని నమ్మలేక వెనక్కి తిరిగి చూశాడు. వచ్చాడు. సర్ అతని భుజాలు పట్టుకుని తను నిలబడ్డ చోటే నిలబెట్టారు. మోకాళ్ళు ఒంపించారు. చేతులు పట్టుకుని దోసిలి చేశారు. అంపైరు దగ్గరున్న హెల్మెట్ తెప్పించి, తనే అతని తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించారు.

"చాలా దగ్గరగా ఉంది అంకుల్. భయంగా ఉంది" అన్నాడట అబ్బాయి.

"ఉండాలె. భయం కాకుంటే నువ్వు దూరం నిలబడ్డట్టు. కాళ్ళు చూడు. వెనకకు మాత్రం జరగకు."

తర్వాత ఆయన మైదానం దాటి నడుచుకుంటూ వచ్చారు. జనం లేచి నిలబడ్డారు. ఆయన ఎటూ చూడకుండా వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను.

"పెద్ద కెప్టెన్‌వైనవమ్మా" అన్నారు.

"అమ్మగారు ఏడ్చారు సర్."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. తర్వాత మెల్లగా, ఎవరికీ వినబడకుండా అడిగారు.

"ఆ బాల్ ఎటు పోయింది?"

"మీ కుడిపక్కకు సర్."

"అందేదేనా?"

వెనక వరసలో వాళ్ళు ఇంకా "ఎవరి తరమూ కాదు ఆ క్యాచ్" అని ఆయనకి వినబడేలా చెప్పుకుంటున్నారు. నేనూ ఆ మాట అనేయొచ్చు. అనడమే తేలిక.

"అందేదే సర్. చాలా సులువైన క్యాచ్."

ఆయన తల ఊపారు. కోపం రాలేదు. ఎవరో బరువు దించినట్టు కుర్చీలో వెనక్కి వాలారు. "మంచిది. ఒక్కరన్న చెప్పిన్రు" అన్నారు.

అప్పుడే మైదానంలో బ్యాటు ఫెళ్ళుమంది, ఆ వెంటనే ఎవరో కెవ్వున అరిచారు. సినిమా వాడొకడు లెగ్ వైపు గట్టిగా ఊపాడు, బంతి పోయి అబ్బాయి మోకాలి కింద తగిలింది. సర్ గబుక్కున లేచి నిలబడ్డారు. అంత దూరం ఆయనకి కనబడటం లేదు. నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఎవలకు తాకింది? పిలగానికా? వెనకకు జరిగిండా?"

నేను చూశాను. అబ్బాయి కాలు పట్టుకుని ఒంటికాలి మీద ఎగురుతున్నాడు. తర్వాత కుంటుకుంటూ వచ్చి, హెల్మెట్ సర్దుకుని, మళ్ళీ అక్కడే మోకాళ్ళు ఒంచాడు.

"లేదు సర్. అక్కడే నిలబడ్డాడు."

"నిజంగనా?"

"నిజంగానే సర్."

ఆయన నా మాట నమ్మారు. నా మోచెయ్యి వదిలి, మెల్లగా కుర్చీలో కూర్చుని, "రేపు ఆఫీస్ తెరవంగనే ఛైర్మన్ సాబ్‌కు ఫోన్ కలుపమ్మా" అన్నారు.